రూట్‌ను లాగే ముందు పాయింట్లు దిగ్గొట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: సైకిల్ దారులు గీసే ఆన్‌లైన్ ప్లానర్‌లో, బయల్దేరిన చోటికే తిరిగొచ్చే వంద కిలోమీటర్ల లూప్ గీస్తున్నారు. ఒకచోట రోడ్డు నచ్చక గీతను పక్కకు లాగితే, అప్పటిదాకా బాగున్న ఇంకో ముక్క దానంతటదే మారిపోతోంది. దాన్ని సరిచేయబోతే మరోచోట చెడుతోంది. ఎలాగోలా పూర్తిచేసి, తొక్కేటప్పుడు దారి చూపే సైకిల్ కంప్యూటర్‌లో (డివైస్‌లో) వేసుకుంటే అది నడిరోడ్డు మీద వెనక్కి తిరగమంటోంది. పైగా సన్న టైర్ల సైకిల్‌ను మట్టిదారిలోకి దించింది. లోపం ప్లానర్‌లో ఉందా, వాడే పద్ధతిలో ఉందా, వేరే ప్లానర్‌కు మారాలా?

మారక్కర్లేదు. సూటిగా చెప్తాను. నచ్చిన ముక్క మీద ముందు పాయింట్లు, అంటే దారి తప్పక తాకాల్సిన గుర్తులు, దిగ్గొట్టి, ఆ తర్వాతే నచ్చనిదాన్ని లాగండి. పాయింట్‌ను కూడలి మీద పెట్టకండి, రెండు కూడళ్ల నడుమ రోడ్డు మీద పెట్టండి. డివైస్‌కు పంపే ముందు గీత మొత్తాన్ని బాగా జూమ్ చేసి ఒకసారి చివరిదాకా చూడండి. మీరు చెప్పిన తిప్పల్లో చాలావరకు వీటితోనే పోతాయి. మట్టిదారి సంగతి మాత్రం వేరు, దానికి మ్యాప్ వెనకున్న సమాచారం ఎలా పనిచేస్తుందో కాస్త తెలియాలి.

మా సైక్లింగ్ బృందానికి రూట్లు గీసే పని చాలా ఏళ్లుగా నా నెత్తినే ఉంది. కొత్తవాళ్లు గీసి పంపిన ఫైళ్లు సరిచూసేదీ నేనే. మీరు రాసిన మూడు ఇబ్బందులూ దాదాపు ప్రతి కొత్త ఫైల్లోనూ కనిపిస్తాయి.

ఒకచోట లాగితే ఇంకోచోట ఎందుకు మారుతుంది

ప్లానర్ దృష్టిలో మీ రూట్ అంటే మీరు పెట్టిన పాయింట్లే. పక్కపక్కనున్న ప్రతి రెండు పాయింట్ల మధ్యా దారిని అదే వెతుక్కుంటుంది. గీతను పట్టుకుని లాగడమంటే అక్కడొక కొత్త పాయింట్ పెట్టడమే. వెంటనే అది వెనక పాయింట్ నుంచి కొత్తదానికి, కొత్తదాని నుంచి ముందు పాయింట్‌కు దారిని మళ్లీ మొదటినుంచి లెక్కేస్తుంది. ఆ రెండు పాయింట్ల మధ్య నలభై కిలోమీటర్లుంటే నలభై కిలోమీటర్లూ దాని ఇష్టమే.

మీ రూట్లో 12 నుంచి 20వ కిలోమీటరు దాకా చెరువుగట్టు రోడ్డు ఉందనుకోండి, అది మీకు నచ్చింది. 30వ కిలోమీటరు దగ్గర హైవే వచ్చింది, అది నచ్చలేదు. మొదటి పాయింట్ సున్నా దగ్గర, రెండోది నలభై దగ్గర ఉన్నాయి. 30 దగ్గర పట్టుకుని పక్క రోడ్డు మీదికి లాగగానే, ఆ కొత్త చోటికి చేరడానికి చెరువుగట్టు మీదుగా వెళ్లే పనే లేదని ప్లానర్‌కు తోస్తుంది. గట్టు ఎగిరిపోతుంది. దాని లెక్కలో అది తప్పు కాదు. గట్టు మీకు కావాలని మీరు చెప్పలేదు, అంతే.

కాబట్టి లాగకముందే 15వ కిలోమీటరు దగ్గర ఒకటి, 26 దగ్గర ఒకటి, 34 దగ్గర ఒకటి పాయింట్లు పెట్టండి. చాలా ప్లానర్లలో గీత మీద ఊరికే క్లిక్ చేస్తే పాయింట్ పడుతుంది, దారి మారదు. ఇప్పుడు 30 దగ్గర లాగితే 26కూ 34కూ మధ్య మాత్రమే మారుతుంది. గుడారం తాడు లాగే ముందు మేకులు దిగ్గొట్టుకున్నట్టే ఇదీ.

ఇది విని కొందరు ప్రతి మలుపులోనూ పాయింట్ పెట్టేస్తారు. అదీ వద్దు. పెట్టిన ప్రతి పాయింటూ తప్పుచోట పడే అవకాశమే. పైగా తర్వాత ఏ చిన్న మార్పు చేయాలన్నా పది పాయింట్లు పీకాల్సి వస్తుంది. ప్లానర్‌కూ మీకూ అభిప్రాయం కలిసినచోట దాన్ని వదిలేయండి, విభేదించినచోటే పాయింట్ పెట్టండి. మామూలు రోడ్ల మీద వంద కిలోమీటర్లకు పదిహేను, ఇరవై పాయింట్లు ధారాళంగా సరిపోతాయి. ఊళ్లో సందుల్లోంచి వెళ్లేచోట ఎక్కువ పడతాయి, అది వేరు.

నడిరోడ్డు మీద వెనక్కి తిరగమనడం

కొత్తవాళ్ల ఫైళ్లలో నాకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. దూరం నుంచి చూస్తే గీత శుభ్రంగా ఉంటుంది. కూడలి దగ్గర బాగా జూమ్ చేస్తే మాత్రం, గీత నుంచి పక్క సందులోకి ముల్లులా చిన్న కొమ్మ ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది. ఎనిమిది మీటర్లో, పదిహేను మీటర్లో, అంతే. మీరు కూడలి మీద క్లిక్ చేశామనుకున్నారు. మౌస్ ఒక వెంట్రుకవాసి పక్కకు పోయి పాయింట్ పక్క సందు మొదట్లో పడింది. ప్లానర్ ఆజ్ఞ పాటించి సందులోకి వెళ్లి, పాయింట్‌ను తాకి, వెనక్కి తిరిగి వచ్చింది. మ్యాప్ మీద వెళ్లిన గీతా వచ్చిన గీతా ఒకదానిమీద ఒకటి పడి ఒకటే గీతలా కనిపిస్తాయి. డివైస్‌కు మాత్రం అవి మూడు మలుపులు: కుడికి తిరుగు, వెనక్కి తిరుగు, కుడికి తిరుగు. ఉదయాన్నే ఇరవై మంది బృందం ముందు ఇది మోగితే ఎంత గందరగోళమో చూసినవాళ్లకే తెలుసు.

రెండు కూడళ్ల నడుమ పాయింట్ పెట్టమన్నది ఇందుకే. అక్కడ చేయి కాస్త అటూ ఇటూ జరిగినా పాయింట్ అదే రోడ్డు మీద పడుతుంది. ఏ మలుపు తిరగాలన్నది ప్లానర్‌కు దానంతటదే అర్థమవుతుంది, ఎందుకంటే ఆ రోడ్డు మీదికి చేరడానికి ఆ మలుపు తిరగక తప్పదు.

దీనికి పెద్దన్న లాంటి తప్పు డివైడర్ ఉన్న రోడ్డు మీద జరుగుతుంది. మ్యాప్‌లో అలాంటి రోడ్డును రెండు వేర్వేరు గీతలుగా, ఒక్కొక్కటీ వన్‌వేగా గీస్తారు. మీరు వెళ్లే దిక్కుకు ఎదురు గీత మీద పాయింట్ పడిందంటే ప్లానర్ ముందుకు వెళ్లి, యూ-టర్న్ దొరికేదాకా సాగి, తిరిగొచ్చి ఆ పాయింట్ తాకి, మళ్లీ ఇంకో యూ-టర్న్ వెతుక్కుంటుంది. రూట్ పొడవు ఉన్నట్టుండి మూడు నాలుగు కిలోమీటర్లు పెరిగిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. అలాంటి రోడ్ల మీద వీలైతే పాయింటే పెట్టకండి. తప్పదంటే రెండు గీతలూ విడివిడిగా కనిపించేంత జూమ్ చేసి పెట్టండి.

ఇలాంటివి త్వరగా పట్టుకోవడానికి ఒక చిట్కా. మ్యాప్ వదిలేసి మలుపుల జాబితా తెరవండి. ఎక్కడైనా యూ-టర్న్ ఉందా, ఇరవై ముప్పై మీటర్ల తేడాలో రెండు మలుపులున్నాయా, అంతే చూడండి. మీరు కావాలని పెట్టని యూ-టర్న్ కనిపిస్తే నేరుగా ఆ పాయింట్‌కు వెళ్లి దాన్ని తీసేయడమో, నలభై యాభై మీటర్లు ముందుకు జరపడమో చేయండి. జరపడం కంటే తీసేసి చూడటమే మేలు. చాలాసార్లు ఆ పాయింట్ అవసరమే ఉండదు.

రూట్‌ను వెనక నుంచి ముందుకు తిప్పే బటన్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కొన్ని ప్లానర్లు ఆ బటన్ నొక్కితే గీత దిక్కు మాత్రమే మారుస్తాయి, దారి మళ్లీ లెక్కేయవు. వన్‌వేలకు ఎదురుగా, రౌండబౌట్‌లో తప్పు దిక్కున తిరిగే రూట్ తయారవుతుంది. తిప్పిన రూట్‌ను కొత్త రూట్ అనుకుని మొదటినుంచి చూడాల్సిందే.

మట్టిదారిలోకి ఎందుకు దించింది

సైక్లింగ్ ప్లానర్లలో ఎక్కువ భాగం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద ఆధారపడతాయి. 2004లో మొదలైన ఆ మ్యాప్‌ను ప్రపంచమంతటా ఉన్న వాలంటీర్లు గీస్తున్నారు. అందులో ప్రతి రోడ్డుకూ కొన్ని ట్యాగులుంటాయి: అది ఏ తరగతి రోడ్డు, పైన తారా, కంకరా, మట్టా, సైకిల్‌కు అనుమతి ఉందా, వన్‌వేనా. పొలాలకూ అడవుల్లోకీ వెళ్లే దారులకు ట్రాక్‌టైప్ అని ఇంకో ట్యాగ్ ఉంటుంది. గ్రేడ్ 1 అంటే గట్టి నేల, చాలాసార్లు తారో సిమెంటో వేసినది. గ్రేడ్ 5 అంటే మెత్తటి నేల, వానపడితే చక్రం దిగబడేది.

ప్లానర్ పని ఈ ట్యాగులు చదివి ప్రతి రోడ్డు ముక్కకూ ఒక 'ఖర్చు' కట్టడం, ఆపైన మొత్తం ఖర్చు తక్కువయ్యే దారి వెతకడం. దారి వెతికే పద్ధతికి మూలం కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన అల్గారిథమ్. ఆ భాగంలో పొరపాటు రావడం బహు అరుదు. వచ్చేదంతా ఖర్చు కట్టడంలోనే. ఉపరితలం ట్యాగ్ లేని రోడ్లు కొల్లలు. ట్యాగ్ లేనిచోట ప్లానర్ రోడ్డు తరగతిని బట్టి ఊహిస్తుంది. చిన్న రోడ్డు, రద్దీ ఉండదు, దగ్గరి దారి, సైకిల్‌కు బంగారం అనుకుంటుంది. వెళ్లి చూస్తే మోకాలి లోతు బురద.

కాబట్టి ముందు సెట్టింగ్ చూడండి. రోడ్ సైకిల్, గ్రావెల్ (కంకర దారుల సైకిల్), మౌంటెన్ బైక్, మామూలు టూరింగ్ అని వేర్వేరుగా ఉంటాయి. ఒక్కోదానికి ఖర్చుల పట్టిక వేరు. మామూలు 'సైక్లింగ్' అని ఉన్నదాన్ని ఎంచుకుంటే మట్టిదారులకు అది పెద్దగా అభ్యంతరం చెప్పదు. సన్న టైర్లతో వెళ్లేవాళ్లు రోడ్ సైకిల్ అనే ఎంచుకోవాలి. అయినా ట్యాగ్ లేని రోడ్డు విషయంలో ఏ సెట్టింగూ కాపాడలేదు. కోమూట్ అనే ప్లానర్‌లో రూట్ గీశాక ఏ ఉపరితలం ఎంత దూరం ఉందో పట్టీలా చూపిస్తుంది. అందులో 'తెలియదు' అని వచ్చిన ముక్కలనే నేను ముందు తెరుస్తాను. మట్టి అని స్పష్టంగా రాసి ఉన్నదానికంటే ఇదే ప్రమాదం, ఎందుకంటే మట్టి అని తెలిస్తే మీరే తప్పుకుంటారు కదా.

అక్కడికి వెళ్లి ఉపగ్రహ చిత్రం వేయండి. తారు రోడ్డు ఒకే వెడల్పుతో, ఒకే బూడిద రంగులో, అంచులు కోసినట్టు ఉంటుంది. ట్రాక్టర్ బాట అయితే రెండు చక్రాల చారలూ మధ్యలో పచ్చటి గడ్డి గీతా కనిపిస్తాయి. ఆ పచ్చగీత కనిపించిందంటే ఇక ఆలోచించక్కర్లేదు, సన్న టైర్లకు ఆ దారి కాదు. రంగు ఎర్రగానో గోధుమగానో ఉండి వెడల్పు మారుతూ ఉంటే మట్టి. పైన చెట్లు కమ్మి ఏమీ కనిపించకపోతే గూగుల్ స్ట్రీట్ వ్యూ, లేదంటే జనం తీసి పెట్టే మాపిల్లరీ వీధి ఫొటోలు చూడండి. ఆ ఫొటో తేదీ కూడా చూడండి. ఎనిమిదేళ్ల కిందటి నున్నటి తారు ఇప్పటికీ అలాగే ఉంటుందన్న హామీ ఏమీ లేదు.

రైడ్లు నమోదుచేసుకునే స్ట్రావా యాప్‌లోని హీట్‌మ్యాప్ కూడా బాగా పనికొస్తుంది. జనం నిజంగా తొక్కిన రోడ్లు వెలుగుతూ కనిపిస్తాయి. రెండు సమాంతర రోడ్లలో ఒకటి వెలుగుతూ ఇంకొకటి చీకటిగా ఉంటే దానికి ఏదో కారణం ఉంటుంది. కానీ దాన్ని గుడ్డిగా నమ్మొద్దు. వెలిగే మట్టిదారి మౌంటెన్ బైక్‌లవాళ్లది కావచ్చు. పెద్ద రోడ్డు వెలుగుతోందంటే అది హాయిగా ఉందని కాదు, రోజూ ఆఫీసుకు అటే వెళ్లక తప్పనివాళ్లు ఉన్నారని కూడా కావచ్చు. సైక్లిస్టులే తక్కువున్న ప్రాంతంలో మంచి రోడ్లు కూడా చీకటిగానే ఉంటాయి.

ఎక్కుళ్ల లెక్క

మీరు అడగలేదు గానీ, వంద కిలోమీటర్ల లూప్ అన్నారు కాబట్టి దీన్ని వదలలేను. ఒకే రూట్‌కు రెండు ప్లానర్లు రెండు రకాల మొత్తం ఎత్తు చూపిస్తే కంగారుపడకండి. చాలా ప్లానర్లు వాడే ఎత్తుల సమాచారానికి ఒక ముఖ్య ఆధారం 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో తీసిన కొలతలు. భూమిని సుమారు 30 మీటర్ల గళ్లుగా విడగొట్టి గడికొక ఎత్తు ఇస్తుంది ఆ సమాచారం. కొండను తొలిచి వేసిన రోడ్డు ఆ గళ్లలో ఇమడదు. ఒక గడి రోడ్డుదైతే పక్క గడి పైనున్న గట్టుది. ఆ ఎగుడుదిగుళ్లన్నీ కూడితే లేని ఎక్కుళ్లు పుడతాయి. ఏ ప్లానర్ ఎంత నునుపు చేసి కూడుతుందన్న దాన్ని బట్టి మొత్తం మారుతుంది.

సొరంగాల దగ్గర ఇది తమాషాగా ఉంటుంది. మీరు కొండ లోపల నుంచి సమతలంగా వెళ్తారు, ఎత్తుల గ్రాఫ్ మాత్రం కొండెక్కి దిగుతుంది. లోయ మీది వంతెనకు దీనికి రివర్స్: గ్రాఫ్ లోయలోకి దూకి పైకొస్తుంది. కొన్ని ప్లానర్లు వీటిని వాటంతట అవే సరిచేస్తాయి, కొన్ని చేయవు. గ్రాఫ్‌లో సూదిలా నిలువుగా లేచిన శిఖరం, 30 శాతం వాలు లాంటి అంకె కనిపిస్తే మ్యాప్‌లో అక్కడ వంతెనో సొరంగమో ఉందేమో చూడండి.

సగటు వాలును కూడా నమ్మొద్దు. కిలోమీటరుకు 50 మీటర్లు ఎక్కితే 5 శాతం. కానీ మొదటి అరకిలోమీటరు చదునుగా ఉండి రెండో అరకిలోమీటరులో ఆ 50 మీటర్లూ ఉంటే మీరు తొక్కేది 10 శాతం. గ్రాఫ్ మీద మౌస్‌తో ఆ ముక్కనే ఎంచుకుని చూడండి. చాలావాటిలో ఆ సౌకర్యం ఉంటుంది.

చేత్తో గీసే మోడ్

కళ్లెదుట రోడ్డు ఉన్నా మ్యాప్‌లో లేకపోతే, రెండు పాయింట్ల మధ్య సరళరేఖ గీసే మోడ్ వాడండి. అంతకుమించి దేనికీ వాడకండి. ఆ ముక్కలో మలుపుల సూచనలు సరిగా రావు, దారి మూసి ఉన్నా ప్లానర్‌కు తెలియదు. పని అవగానే మామూలు మోడ్‌కు తిరిగి రండి. మర్చిపోతే తర్వాతి క్లిక్‌తో చెరువు మధ్యలోంచి గీత పోతుంది. ఆ రోడ్డును ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీరే చేర్చవచ్చు, కనీసం ఒక నోట్ పెట్టవచ్చు. కానీ చేర్చిన మార్పు ప్లానర్లలోకి వెంటనే రాదు. ఒక్కొక్కటి ఒక్కో వ్యవధిలో కొత్త సమాచారం తెచ్చుకుంటుంది, కొన్నిటికి రోజులు, కొన్నిటికి వారాలు.

డివైస్‌లో వేరేలా కనిపించడం

రూట్లు పంపడానికి మామూలుగా వాడే జీపీఎక్స్ ఫైల్లో మూడు రకాల సరుకు ఉండొచ్చు: విడి గుర్తులు, రూట్, ట్రాక్. రూట్ అంటే ముఖ్యమైన చోట్లు మాత్రమే. వాటిని కలిపే దారిని డివైస్ తన సొంత మ్యాప్‌తో, తన సొంత లెక్కతో వేసుకుంటుంది. మీరు గంటసేపు కూర్చుని తప్పించిన హైవే మళ్లీ వచ్చి కూర్చునేది ఇక్కడే. ట్రాక్ అంటే దగ్గరదగ్గరగా వందల వేల పాయింట్లు, గీత గీసినట్టే వెళ్తుంది. ఎగుమతి చేసేటప్పుడు అడిగితే ట్రాక్ అనే ఎంచుకోండి. మలుపుల సూచనలు కూడా ఫైల్లోనే వెళ్లాలంటే టీసీఎక్స్ గానీ ఫిట్ గానీ, ఆ రకం ఫైల్ తీసుకోండి. ప్లానర్ ఖాతాను డివైస్‌తో నేరుగా కలిపే వీలుంటే ఈ గొడవే లేదు.

పాయింట్లు తగ్గించి ఫైల్ చిన్నది చేసే ఐచ్ఛికం కనిపిస్తే, మీ డివైస్ మరీ పాతది కాకపోతే దాని జోలికి పోకండి. పాయింట్లు తగ్గితే గీత మూలలు కోసేస్తుంది. ఘాట్ రోడ్డు మెలికల దగ్గర మీరు రోడ్డు మీదే ఉన్నా డివైస్ 'దారి తప్పారు' అని మొత్తుకుంటుంది.

దారి తప్పినప్పుడు మళ్లీ లెక్కేసే సెట్టింగ్‌ను నేనైతే ఆపేసి ఉంచుతాను. దారి తప్పినట్టు బీప్ ఇస్తే చాలు, గీత కనిపిస్తూనే ఉంటుంది, వెనక్కి వచ్చి అందుకుంటాను. ఆ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే రోడ్డు పని వల్ల పక్క సందులోంచి వెళ్లినా కూడా వదిలేసిన చోటికే తిరిగి పొమ్మని పోరుపెట్టే డివైస్‌లున్నాయి.

మీది లూప్ కాబట్టి ఇంకొకటి. మొదలూ చివరా ఒకే చోట ఉన్నా, మధ్యలో రూట్ తనను తాను అడ్డంగా దాటినా కొన్ని డివైస్‌లు తికమకపడతాయి. మీకు దగ్గరున్న గీత ఏదో చూసి మీరు అక్కడున్నారని అనుకోవడమే దీనికి కారణం. బయల్దేరిన నిమిషానికే 'గమ్యం చేరారు' అనేది అందుకే. చివరి పాయింట్‌ను మొదటిదానికి రెండు వందల మీటర్ల ముందే ఆపేయండి. ఎనిమిది అంకె ఆకారంలో దాటుకునే రూట్లను రెండు ఫైళ్లుగా విడగొట్టడం నయం. మొదలు, చివర మీ ఇంటి గుమ్మం దగ్గర పెట్టకండి. రూట్‌ను బహిరంగంగా పంచుకుంటే మీ చిరునామా పంచుకున్నట్టే.

వేరే ప్లానర్ కావాలా అంటే

గీసి, దిద్ది, సూచనలు చేత్తో రాసుకోవడానికి నాకు రైడ్ విత్ జీపీఎస్ సుఖంగా ఉంటుంది. 'వంతెన దాటగానే కుడి, బోర్డు ఉండదు' లాంటి సొంత సూచన చేర్చుకోవచ్చు. ఉపరితలం చూడటానికి కోమూట్, జనం ఎటు వెళ్తున్నారో చూడటానికి స్ట్రావా. ఖర్చుల పట్టికనే మార్చుకోవాలన్నంత పట్టుదల ఉంటే బీరౌటర్. అందులో 'ఇటు పోవద్దు' అని మ్యాప్ మీద కొన్ని ప్రాంతాలను మూసేయవచ్చు కూడా. వీటిలో ఉచిత ఖాతాకు ఏం ఇస్తారు, డబ్బు కట్టినవాళ్లకు ఏం ఇస్తారు అన్నది మారుతూ ఉంటుంది, వెళ్లి చూసుకోండి. ఏది వాడినా దిద్దడం ఫోన్‌లో కాకుండా పెద్ద తెర మీద, మౌస్‌తో చేయండి. పెద్ద మార్పులకు ముందు రూట్‌కు నకలు తీసి పెట్టుకోండి, కొన్నిటిలో పేజీ మూసి తెరిచాక వెనక్కి వెళ్లే బటన్ పనిచేయదు.

ఇప్పుడున్న రూట్‌ను పారేసి మళ్లీ గీయక్కర్లేదు. మలుపుల జాబితా తెరిచి యూ-టర్న్ ఉన్నచోట్ల నుంచి మొదలుపెట్టండి. ఆ పాయింట్లు పోయాక కూడా డివైస్ వెనక్కి తిరగమంటూ ఉంటే, ఏ డివైసో, ఏ రకం ఫైల్ ఎగుమతి చేశారో ఇక్కడే రాయండి, చూద్దాం.